పెద్ద బాక్సు

కరెంటు పోయిన మధ్యాహ్నం, ఆయన గడప దగ్గరికి వచ్చి నిలబడ్డాడు.

అంగడిలో రోషన్‌బీ ఒక్కతే ఉంది. హిందూపురంలో ఒక సందులో, ఇంటి ముందుగదినే వీడియో గేముల అంగడి చేసుకుంది. రెండు పాత టీవీలు, వాటికి తగిలించి ఆటలాడే రెండు పాత బాక్సులు. మూలన ఆమె కుట్టు మిషను, దానిమీద ‘అమ్మబడును’ అని అంటించిన కాగితం.

“ఎవరు కావాలప్పా?”

“పెద్ద బాక్సు కొంటాండేది నువ్వేనామ్మా?”

రోషన్‌బీ లేచి నిలబడింది. ఆ సంగతి ఇద్దరికే తెలుసు. ఒకరు మొగుడు బాషా. లేపాక్షి రూట్లో ఆటో తోలుకునే మనిషి, ఎవరికీ చెప్పడు. రెండోవాడు పెనుకొండలో పాత సామాన్లు అమ్మే కుమారస్వామి.

“నీకెవరు చెప్పినారు?”

ఆయన పాత బాక్సుల వైపు చూశాడు.

“పెద్దది వద్దమ్మా. కొత్తగా చిన్న బాక్సొకటి వచ్చిండాది. చవక. పవరు తక్కువే గానీ ఈడి కరెంటుకు నిలబడతాది. అది తీసుకో.”

“చిన్నదాంట్లో బొమ్మ అంత బాగుండదంట గదా?”

“బొమ్మ చూసేకి వచ్చినోళ్లు చూసి పోతారు. పిల్లోళ్లకు నలుగురూ కలిసి ఆడుకునేది కావాల. గంటకు ముప్పై అడిగితే వాళ్లు యాడ తెస్తారు?”

మాటలు మెత్తగా ఉన్నాయి. అందుకే ఆమెకు మరీ భయమేసింది.

పక్క వీధిలో మసూద్ శుక్రవారం కొత్త గేముల అంగడి తెరుస్తున్నాడు. అద్దాల తలుపు, మెత్తటి కుర్చీలు. పెద్ద బాక్సులే తెస్తున్నాడని వీధంతా చెప్పుకుంటోంది. తను చిన్నది పెట్టుకుని కూర్చుంటే ఒక్క పిల్లవాడైనా ఇటు తొంగి చూస్తాడా? ఈ మనిషిని మసూదే పంపాడు. అనుమానమే లేదు.

కరెంటు వచ్చింది. టీవీలో బొమ్మ వణుకుతూ వచ్చింది.

ఆయన అడగకుండానే లోపలికొచ్చి టీవీ వెనక చెయ్యి పెట్టాడు. జేబులోంచి ఎర్ర పట్టుదారం తీసి, పాత బాక్సు నుంచి వచ్చే వదులైన వైరు చుట్టూ బిగించి చుట్టాడు. కత్తెర అడగలేదు, పంటితో తెంపాడు. బొమ్మ నిలకడగా నిలిచింది.

లేచి వెళ్లబోతూ కుట్టు మిషను మీది కాగితం చదివాడు. ఆయన ముఖం మారిపోయింది.

“దీన్ని అమ్మి దాన్ని కొంటావా?”

“నా మిషను, నా ఇష్టం.”

“చేతిపని పోగొట్టుకోవద్దు తల్లీ. నా మాటిను.”

ఆమెకు అది బెదిరింపులా వినిపించింది.

“పో అప్పా! మల్లా ఈడికొస్తే నలుగుర్ని పిలుస్తా.”

రెండు రోజుల తర్వాత మళ్లీ వచ్చాడు. రోషన్‌బీ తలుపేసి గడియ పెట్టింది. కిటికీ సందులోంచి చూస్తే, ఎండలో నిలబడి అలాగే తలుపు వైపు చూస్తున్నాడు. అరగంటకు గానీ కదల్లేదు.

ఆయన సందు మలుపు తిరగగానే కుమారస్వామికి ఫోన్ చేసింది.

“అన్నా, బాక్సు రేపే పంపు. వాళ్లేదో చేసేటట్టుండారు.”

ఆ సాయంత్రమే కుట్టు మిషను ఎవరింటికో వెళ్లిపోయింది. మర్నాడు పెద్ద బాక్సు వచ్చింది.

శుక్రవారం మసూద్ అంగడి తెరిచాడు. వరసగా నాలుగు బాక్సులు పెట్టాడు. నాలుగూ చిన్నవే. పిల్లలు చేతులూపుతూ, ఎగురుతూ ఆడుతుంటే ఆ నవ్వులు రోషన్‌బీ ఇంట్లోకి వినిపించాయి.

ఆమె దగ్గరికీ వచ్చారు. బొమ్మ చూసి “అబ్బా!” అన్నారు. రేటు విని వెళ్లిపోయారు. ముప్పై ఇచ్చి కూర్చున్న ఒకరిద్దరికి ఆట మధ్యలో ఓల్టేజీ పడిపోయి బాక్సు ఆగిపోయింది. డబ్బులు వెనక్కిచ్చి పంపాల్సి వచ్చింది.

ఆదివారం ఒక్కరూ రాలేదు.

సాయంత్రం బల్బు ఎర్రగా గుడ్డివెలుగు వెలుగుతోంది. బాక్సు మళ్లీ ఆగింది. వైరేమైనా వదులైందేమోనని రోషన్‌బీ దాని వెనక తడిమింది. వేళ్లకు మెత్తగా ఏదో తగిలింది.

ఎర్ర పట్టుదారం.

ఆయన చుట్టింది పాత బాక్సు వైరుకు. ఈ బాక్సు ఇంటికి వచ్చాక ఆయన గడప తొక్కనే లేదు. వెంటనే ఫోన్ తీసింది.

“కుమారస్వామన్నా, ఈ బాక్సు ఎవురిది?”

“ధర్మవరం హనుమప్పది, చీరలు నేస్తాండె. మగ్గం అమ్మి దీన్ని కొనె, గేముల అంగడి పెట్టె, ఆర్నెల్లకే మూసె. దీన్నమ్మి మల్లా మగ్గం తెచ్చుకోవల్లని నా చుట్టూ తిరుగుతాండె.”

“నా పేరు ఆయనకు నువ్వే చెప్పినావా?”

“బేరం కుదిరిందని చెప్పినా. నిన్ను చూసొచ్చి, ఆమెకు మాత్రం ఇయ్యొద్దు అన్న్యాడు. పిచ్చోడు! అంత రేటు ఇంకెవురిస్తారు? బాక్సు నా దగ్గరే ఉండె, ఆయనకు చెప్పకుండానే పంపిస్తి.”

బల్బు ఇంకా సన్నగిల్లింది. మూలన కుట్టు మిషను ఉండిన చోటు ఖాళీగా ఉంది. రోషన్‌బీ అక్కడికి చూడలేక కళ్లు మూసుకుంది.

ఈ బాక్సు కొనొద్దని బస్సెక్కి వచ్చి రెండుసార్లు ఆమె గడప ముందు నిలబడింది, ఇది అమ్ముడుపోతే తప్ప మళ్లీ మగ్గంలో కూర్చోలేని మనిషి.