నిన్నటి తేదీ

"ఒక్క శనివారం గూడా రాలేదే నువ్వు? సెలవని తెలిసీ ఆదివారాలు మాత్రం వచ్చి వేలిముద్ర వేసి పోతాండావు!"

శ్రుతి కంప్యూటర్ తెరను కరీముల్లా వైపు తిప్పింది.

ప్రొద్దుటూరులోని ఆ డయాలసిస్ సెంటర్లో ఆమె చేరి నెల. వేలిముద్ర మిషను రాసుకున్న వరసల్లోంచి తేదీలు విడదీసి హాజరుపట్టీ తయారుచేయడం ఆమె పని.

కరీముల్లా తెల్లారకముందే వచ్చి డయాలసిస్‌కు వాడే నీళ్ళను శుద్ధిచేసే ప్లాంటు వేసే మనిషి. అది వేస్తేగాని, ఆరింటికి జమ్మలమడుగు నుంచీ పులివెందుల నుంచీ వచ్చే రోగులకు రక్తం శుద్ధి మొదలుకాదు.

"నేను రాకుంటే శనివారం ప్లాంటు యట్ల నడిచిందమ్మా?"

"నీ బదులు ఇంకెవరో వేస్తాండారు."

"తేదీ పక్కన టైం గూడా ఉంటాది గదమ్మా. అదొకసారి సూడు."

"హాజరుకు తేదీ చాలప్పా. కంప్యూటర్‌కు నీమీద పగేముంది?"

మరునాడే ఆయన్ను పనిలోంచి తీసేశారు. తాళంచెవులు శ్రుతి బల్లమీద పెట్టి, "కొత్తగా వచ్చేటోనికి చెప్పమ్మా, ప్లాంటు వేసేకి ఐదు దాటకూడదు" అని వెళ్ళిపోయాడు.

నెల తిరిగింది; కొత్త మనిషి హాజరుపట్టీ ఇంకా తీయలేదు. తనిఖీకి పైవాళ్ళు వస్తున్నారని శ్రుతి ఒకరోజు తెల్లవారి ఐదింటికే వచ్చి వేలిముద్ర వేసింది.

మధ్యాహ్నం పట్టీ తీస్తే, ఆరోజు తాను రానట్టుంది. వేలిముద్ర నిన్నటి తేదీ కింద పడింది!

ఎప్పుడూ చూడని టైం గడి తెరిచింది. రాత్రి పదకొండున్నర.

మిషను గడియారం గ్రీనిచ్ టైంలో నడుస్తోంది. మనకంటే ఐదున్నర గంటలు వెనక. తెల్లవారి ఐదున్నరలోపు ఎవరొచ్చినా నిన్నటి లెక్కే. శనివారాలన్నీ శుక్రవారాలయ్యాయి, సోమవారాలన్నీ ఆదివారాలయ్యాయి.

కరీముల్లా ఒక్కరోజు కూడా మానలేదు.

ఆటో ఎక్కి ఆయన ఇంటికి పోయింది. భార్య బిస్మిల్లా బీ తలుపు తీసింది.

"తప్పు నాదమ్మా. ఆయన్ను మళ్ళీ పనిలోకి పిలుచుకపోదామని వచ్చినా."

"యాడ వస్తాడు? మొన్ననే కువైట్ పోయినాడు. ఆడుండే కొడుకు అన్సర్ ఆర్నెల్లకొకసారి రమ్మని పిలుస్తానే ఉండె, ఈయప్పే కదల్లేదు."

"ఎందుకు?"

బిస్మిల్లా బీ గడప మీద కూలబడింది.

"మా పాప హీనాకు మీ ఆడనే రక్తం శుద్ధి చేస్తాండ్రి. ఒకనాడు పొద్దున్నే ప్లాంటు వేసేటోడు రాక, బిడ్డ కాచుకోని కాచుకోని ఆ మంచం మీదనే పాయె... నలభై దినాలు కాంగానే ఈయప్ప మీ సెంటర్‌కు పోయి, ఆ పని నాకియ్యండని అడిగి చేరినాడు."