ఖాళీ బురద

“దిబోర్ అత్తని ఠాణాలో కూర్చోబెట్టింది అడవి గార్డులు కాదు. మూడు పేజీల రిపోర్టు రాసిన చెయ్యి! ఆ చేతినే అడుగుతున్నాను, సిగ్గుందా నీకు?”

పెందా మైకుని మింగేసేలా ఉంది. ఎదురుగా కూర్చున్న లాతిర్ కాస్త వెనక్కి జరగమని సైగ చేశాడు. గోడలకి గుడ్ల అట్టలు అంటించిన చిన్న రేడియో గది అది. సలూమ్ దీవుల్లో పద్నాలుగు ఊళ్ళు ఆ గది మాట వింటాయి.

“మెల్లగా తల్లీ,” అన్నాడు లాతిర్. “మా సెరేర్ వాళ్ళ చెవులు సున్నితం. మీ తుకులోర్ వాళ్ళ అరుపులకి అలవాటు లేదు.”

“మీ చెవుల్లోకి కూడా అన్నమే కూరుకుంటారు. ఇంకేం వినపడుతుంది?”

కిటికీ బయట గుమిగూడిన ఆడవాళ్ళు నవ్వారు. ఈ రెండు జాతులది తాతల నాటి వేళాకోళం వరస, ఎంత మాటైనా చెల్లుతుంది. కానీ ఆ నవ్వు ఎంతోసేపు నిలవలేదు. దిబోర్‌నీ ఆమె తోడికోడలినీ పట్టుకెళ్ళి రెండు రోజులైంది. నేరం, మడ మొక్కలు పీకడం.

మడ మొక్కలు మంచివే. కానీ ఈ బురద వాటిది కాదు. ఇక్కడ పోటు నీళ్ళు ఎక్కువసేపు నిలుస్తాయి. మూడేళ్ళ కిందట ప్రాజెక్టువాళ్ళు వచ్చి, తరతరాలుగా ఆడవాళ్ళు గుల్లలు ఏరుకునే చోట వరసలు వరసలుగా మొక్కలు గుచ్చి, ఫొటోలు దిగి పోయారు. సగం మొక్కలు నీళ్ళలో కుళ్ళాయి. మిగతా సగం కింద మట్టి పేరుకుని గుల్లలు చచ్చాయి. అడవీ రాలేదు, గుల్లలూ మిగల్లేదు. ఆ మొక్కల లెక్క చూపించి ఎక్కడో ఒక ఫ్యాక్టరీకి మాత్రం ఇంకాస్త పొగ వదులుకునే హక్కు దొరికింది.

ఫోను మోగింది. అవతల, పక్క దీవిలో గుల్లలేరే సిగా.

“ఇంతకీ ఆ కాగితంలో ఏముందే పిల్లా?”

“వినండి. ‘ఖాళీ బురద. గుల్లలు ఏరేవాళ్ళు ఒక్కరూ కనిపించలేదు. స్థానికులకి దీనితో పని లేదు.’”

“ఎప్పుడు చూశారట?”

“ఆగస్టులో.”

కిటికీ బయట ఒక్కసారిగా గోల లేచింది. ఆగస్టులో ఎవరుంటారు? వానలు పడగానే గుల్లలు పెరగాలని ఆ బురదకి నాలుగు నెలలు విశ్రాంతి ఇస్తారు. అప్పుడు అందులో అడుగు పెట్టిన ఆడదాన్ని ఊరే నిలబెట్టి తిడుతుంది.

“సెలవుల్లో బడికెళ్ళి, ఈ ఊళ్ళో పిల్లలే లేరని రాస్తారా?” అంది సిగా. “వాళ్ళ చదువు తగలెయ్య!”

“ఒక్క పూట చూశారత్తా. అదీ పడవలోనే కూర్చుని. చెప్పులకి బురదవుతుందని దిగలేదు.”

“దిగలేదని నీకెలా తెలుసు?” అన్నాడు లాతిర్.

“దిగినవాళ్ళు ఇలా రాయరు.”

లాతిర్ పాట పెట్టాడు. ఈలోగా పెందా ఫోను మోగింది. ప్రాజెక్టు అధికారి కమారా. ఆమె స్పీకరు నొక్కి బల్లమీద పెట్టింది.

“పక్కన ఎవరున్నారు?”

“అందరూ ఉన్నారు. చెప్పండి.”

కమారా గొంతు సవరించుకున్నాడు. “రిపోర్టు గురించి ఎంతైనా మాట్లాడుకో. కింద ఉన్న పేరు మాత్రం చదవకు. అప్పటికి ఆ మనిషికి చదువు కూడా పూర్తికాలేదు. ఒక్క రోజిచ్చి రాయమన్నది మేమే. పేరు బయటికొస్తే ఇక ఏ యూనివర్సిటీ గుమ్మం ఎక్కనిస్తుంది?”

“ఠాణా నేలమీద పడుకున్న ముసలమ్మల సంగతో?”

“నాలుగు రోజులు పోతే ఠాణా కమాండరే వదిలేస్తాడు.”

“కమాండర్ ఏమన్నాడో తెలుసా? రాసినవాళ్ళే నోరు తెరిచి తప్పని చెప్పాలట. అప్పటిదాకా ఆ బురద ప్రాజెక్టుదే, పీకినవాళ్ళు దొంగలే.”

“ఎవరు చెప్తారు పెందా? ఎవరి బతుకు వాళ్ళకి తీపి కాదా?”

ఆమె ఫోను కట్టేసింది.

రెండేళ్ళ కిందట డకార్ నుంచి పరిశోధనకని ఒక సంచీతో దిగింది పెందా. మోకాలిలోతు బురదలో కూరుకుపోయి ఏడుస్తుంటే, “మడమ కాదే పట్నం పిల్లా, ముందు వేళ్ళు దించు” అని నడక నేర్పింది దిబోర్. ఏ గుల్ల ఏ లోతులో ఉంటుందో, ఏ మొక్క ఎంత నీరు తట్టుకుంటుందో పెందా పుస్తకంలో కాదు, ఆ ముసలమ్మ వెనక నడిచి తెలుసుకుంది. తెలుసుకున్నది ఇంగ్లీషు పత్రికల్లో పాతిపెట్టకుండా వారం వారం రేడియోలో సెరేర్ భాషలో చెప్పింది. “ఇన్ని ఊళ్ళుండగా మా బురదకే ఎందుకొచ్చావే?” అని దిబోర్ ఎన్నిసార్లు అడిగినా తల వంచుకుని అన్నం తినేది.

పాట అయిపోయింది.

“చదవవే ఆ పేరు!” కిటికీలోంచి ఎవరో అరిచారు. “ఎవరి కొడుకో తేలిపోవాలి!”

“ఈడ్చుకొచ్చి మెడదాకా పాతేద్దాం!” అంది ఇంకొకామె.

పెందా కాగితాన్ని పక్కకి నెట్టింది. మైకు దగ్గరికి లాక్కుంది. ఈసారి లాతిర్ ఆపలేదు.

“కమాండర్‌గారూ, మీ ఠాణాలో కూడా ఈ రేడియో మోగుతుందని తెలుసు. ఆ రిపోర్టు అబద్ధం. ఆ బురద ఖాళీగా లేదు, ఎన్నడూ లేదు. మొక్కలన్నీ పీకెయ్యాలి. ఆ నేల ఆడవాళ్ళకి తిరిగి రాసివ్వాలి. ఇద్దరినీ ఈ పూటే, ఇప్పుడే వదలాలి.”

“రాసినవాళ్ళు చెప్తేనే వదులుతానన్నాడు కదే,” అన్నాడు లాతిర్ నీరసంగా.

“రాసింది నేనే, వాళ్ళని వదిలి నన్ను పట్టుకోండి.”