పగలని గాజుపలక

బురుజు పైభాగం చూసి దిగిన రాధారాణికి టార్చ్ వెయ్యడానికి చెయ్యి రాలేదు.

ఫ్రాన్సులో రాయి రాయీ విప్పి, ఓడలో తెచ్చి, అమెరికాలో పార్సిప్పనీ అనే ఊరి దగ్గర కొండ మీద మళ్ళీ కట్టిన పాత కోట అది. దాని మరమ్మతు చూసే ఇంజినీరు రాధారాణి. బురుజు గోడలో చీలికకు అడ్డంగా సన్నటి గాజుపలక అతికించింది. గోడ వెంట్రుకవాసి కదిలినా గాజు పగులుతుంది. ఈ 1984 మొదలైనప్పటి నుంచీ ఆ గాజు ఆమెకు కలలోకి వస్తోంది.

టార్చ్ వేసింది. గాజు పగల్లేదు.

"సేఫ్‌గానే ఉంది, పిల్లల్ని పంపించండి!" అంది వాకీటాకీలో. గేటు దగ్గర ఎదురుచూస్తున్న పిల్లలు బిలబిలమంటూ మెట్లెక్కారు.

శనివారాలు ఇంట్లో తోచక కోడలితో కోటకొచ్చే నాగమణి, గాజు మీది దుమ్మును చీరచెంగుతో తుడవబోయింది.

"ముట్టుకోకండి అత్తయ్యా! అది పగిలిందంటే బురుజు కూలబోతున్నట్టే."

నాగమణి చెయ్యి గాలిలోనే ఆగిపోయింది.

"అయ్యో, ఆ మాట నాకు చెప్పొద్దుటే అమ్మాయ్? పగిలిన అద్దం గోడకుంటే అరిష్టమని, నువ్వు పైన చూసొచ్చేలోపు ఎప్పటికప్పుడు కొత్తది అతికిస్తున్నా. నీ పెట్టెలోవే, ఆ తెల్లపిండి కలిపి. పోయిన వారం మార్చాను, ఇవాళా మార్చానే!"

ముగ్గులు తీర్చిన చెయ్యి. అతుకు తెలియనే లేదు.

పైన పిల్లలు గెంతుతున్నారు. రాధారాణి వాకీటాకీ నోటి దగ్గర పెట్టుకుంది.

టార్చ్ వెలుగులో గాజు టప్పుమంది.