తొమ్మిదికి రెండు

"చెయ్యి తెరువు," అన్నాడు సెవెరిన్.

బోగ్నా తెరవలేదు. కుడిచేతి గుప్పిట బిగించుకుని, నడుం లోతు నీళ్ళలోంచి ఒడ్డుకు నడిచొచ్చింది. గాలపుకర్ర చివర దారం ఉత్తదే వేలాడుతోంది. దానికి కట్టిన ఎరను ఒడ్డుకు రాకముందే కొరికి తీసేసింది.

సెవెరిన్ గాలం వేసి చేపలు పట్టే జట్టుకు కెప్టెన్. సాన్ నదిమీద ట్రౌట్ చేపల దగ్గర పదిహేనేళ్ళుగా ఆయన మాటే మాట. మార్చి పోటీలకు జట్టులో ఐదో మనిషి కావాలి. ఆ ఐదో మనిషిని నేనే అంది బోగ్నా. ఆవిడ పాల డైరీ ట్యాంకర్ నడుపుతుంది. ఆడవాళ్ళు మా ఫ్లాస్కులు మోస్తే చాలన్నాడు కెప్టెన్. అయితే రెండు గంటలు నా పక్కన నిలబడి పట్టండి చూద్దాం, అంది ఆవిడ. నలుగురిలో అన్నాక వెనక్కి తగ్గడం కెప్టెన్‌కు చేతకాదు.

ఫిబ్రవరి మంచు ఒడ్డున మోకాలి దాకా ఉంది. గాలపుకర్రల మీద దారం దూరే రింగుల్లో నీళ్ళు గడ్డకడుతుంటే నదిలో ముంచి కరిగించుకుంటూ పట్టారు. మొదటి గంట మడుగు దగ్గర కెప్టెన్, వంతెన కింద బోగ్నా. రెండో గంట చోట్లు మార్చుకున్నారు. రిటైరైన ఫారెస్టు గార్డు గెర్వాజీ తాత ఒడ్డున పీట వేసుక్కూర్చున్నాడు. చిక్కం పైకెత్తి చూపిన ప్రతి చేపనూ ఆయన లెక్కలోకి తీసుకోవడం, వెంటనే పట్టినవాళ్ళు దాన్ని నీళ్ళలోకి వదిలెయ్యడం.

బోగ్నాకు తొమ్మిది. కెప్టెన్‌కు రెండు.

ఆ రెంటిలో ఒకటి జానెడైనా లేదని జట్టులోని మిగతా ముగ్గురూ గుసగుసలాడుకున్నారు. కెప్టెన్ అటు తిరిగేసరికి బీట్‌రూట్ చారు కప్పుల్లో మూతులు దాచుకున్నారు.

చోటు బాగాలేదనడానికి లేదు, ఇద్దరూ రెండు చోట్లా నిలబడ్డారు. నీళ్ళు బాగాలేవనడానికీ లేదు. ఆడలేక మద్దెల ఓడన్నట్టు, కెప్టెన్ మిగిలిన ఆ ఒక్క సాకునే పట్టుకున్నాడు.

"ఇందులో నీ చేతి గొప్పేం లేదమ్మాయ్. గొప్పంతా ఎరది."

మాట మరీ తీసిపారేసేదేమీ కాదు. చలికాలంలో ట్రౌట్ నీటి అడుగున ఒళ్ళు దాచుకుని పడుంటుంది. పైకి రాదు, వెంటపడదు. రాళ్ళ కింద పాకే పురుగులా దారంతో, బొచ్చుతో కట్టి, బరువుకు పూస గుచ్చిన చిన్న ఎరను నింఫ్ అంటారు. దాన్ని సరిగ్గా మూతి ముందుకు చేరిస్తే బద్ధకంగా నోరు తెరుస్తుంది. ఏ నింఫ్‌కు తెరుస్తుందో తెలిసినవాడు ప్రాణ స్నేహితుడికి కూడా చెప్పడు.

అయితే అది నోరు తెరిచిన సంగతి తెలియాలి గదా అంది బోగ్నా. లాగదు, గుంజదు. వెళ్తున్న దారం ఒక్క రవ్వ ఆగినట్టుంటుంది, అంతే. ఆ రవ్వను పట్టుకోవడానికి పన్నెండు చలికాలాలు ఈ నీళ్ళలో నిలబడ్డానని చెప్పింది. కెప్టెన్ వినిపించుకోలేదు. ఏ రంగు దారమని అడిగాడు. ఏ పిట్ట బొచ్చని అడిగాడు. చివరికి ఎవరికీ చెప్పనని ఒట్టు కూడా వేశాడు. గుప్పిట విడలేదు. ఆవిడకు లోలోపల గర్వంగా ఉంది. ఏడు చేపలు ఎక్కువ పట్టిన మనిషికి ఉండే గర్వం అది, దాన్ని దాచుకోవాలని ఆవిడకు అనిపించలేదు.

గెర్వాజీ తాతకు ఓపిక అయిపోయింది.

"ఇంతకీ పిల్ల జట్టులో ఉన్నట్టా, లేనట్టా సెవెరిన్? నా కాళ్ళు కొయ్యబారిపోయాయి."

"చేతి గొప్పే అని రుజువు చెయ్యమను. చేస్తే ఆ పేరు నా చేత్తో నేనే రాస్తా. చెయ్యలేకపోతే ఎర నాకిచ్చేసి, పోయి పాలబండి తోలుకోవాలి."

"ఈ మాట మీద ఉంటారా?" అంది బోగ్నా.

"సెవెరిన్ మాట తప్పాడని ఈ నదిమీద ఎవరైనా అనగా విన్నావా?"

వినలేదు. ఆయనకు ఎంత పొగరున్నా ఆ పేరు మాత్రం లేదు. అందుకే ఆవిడ సరేనంది.

ఇంకో గంట పోటీ తప్పదనుకుని జట్టువాళ్ళు గ్లౌజులు తొడుక్కున్నారు. కర్ర విరగాలి తల్లీ, అని గెర్వాజీ తాత దీవించాడు. ఆ నదిమీద వేటకు దిగేవాళ్ళను అలాగే దీవిస్తారు. కానీ బోగ్నా నీళ్ళలోకి దిగలేదు. నేరుగా కెప్టెన్ దగ్గరికెళ్ళి, ఆయన ముక్కు కింద గుప్పిట తెరిచింది.

కెప్టెన్ వంగి చూశాడు. చాలాసేపు చూశాడు. చెవుల దాకా ఎర్రబడ్డాడు. జేబులోంచి జట్టు కాగితం తీసి మోకాలి మీద పరుచుకుని, కొంకర్లుపోయిన వేళ్ళతో, నాలుగు పేర్ల కింద ఐదోది రాశాడు. బోగ్నా పేరు. అక్షరం అక్షరం దిద్దినట్టు రాశాడు.

ఎవరికీ ఏమీ అర్థం కాలేదు. గెర్వాజీ తాత పీట మీంచి లేచి, కళ్ళద్దాలు తుడుచుకుంటూ వచ్చాడు.

"చూడగానే ఇంత లొంగిపోయాడంటే అదేం ఎరే తల్లీ? ఎవరు కట్టిచ్చారు నీకు?"

"కెప్టెన్ గారే కట్టారు తాతా. నిన్న మిల్లు మలుపులో చెట్టువేళ్ళకి చిక్కుకుంటే దారం తెంపుకుని వెళ్ళిపోయారు, నేను తీసుకున్నాను," అంది బోగ్నా. "పొద్దుట్నించీ ఆయన పట్టిందీ ఇలాంటి దాంతోనే."