రంపానికి కరెంటు

"స్విచ్చి ముట్టకు వీరేశం! నే చెప్పేదాంక ఆగు" అని నర్సింహ గద్దించాడు.

వీరేశం చటుక్కున చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. మూసాపేటలో అతని ఇంటి వెనక వేసిన రేకుల షెడ్డు అది. ఇనప కడ్డీలు కోసే పెద్ద రంపం మిషను సగం షెడ్డును మింగేసి కూర్చుంది. సెకండ్‌హ్యాండుది. దానికి కరెంటు ఇవ్వడానికి నర్సింహ పొద్దుట్నుంచీ తంటాలు పడుతున్నాడు.

ఇద్దరూ ఒకే ఫ్యాక్టరీ మనుషులు. వీరేశం కోత సెక్షను, నర్సింహ ఎలక్ట్రీషియను. ప్రెస్సు మిషను కింద వేళ్ళు పోగొట్టుకున్న లింగమూర్తిని యజమాని పనిలోంచి తీసేసిన నాటి నుంచి సమ్మె నడుస్తోంది. లింగమూర్తిని తిరిగి తీసుకునేదాకా గేటు లోపల కాలు పెట్టబోమని మైసమ్మ గుడి ముందు అందరూ ఒట్టేశారు.

"ఇంకొక్క వారం గట్టిగ నిలబడితే సేటు దిగొస్తడు" అన్నాడు నర్సింహ వైరు బిగిస్తూ. "కోత బందయితే కార్ఖాన మొత్తం బందే గద! లింగమూర్తి మల్ల డ్యూటీ ఎక్కుతడు, సూడు."

వీరేశం భుజం మీది తువ్వాలుతో మెడ తుడుచుకున్నాడు.

"ఏంది, గట్ల పరేషానున్నవు?"

"లోడెక్కువై మీటరు కాలుతదేమోనని."

"మూడు ఫేజులున్నయి, ఫికరెందుకు? మా బావ పిండిగిర్నీకి కనెక్షను అడిగితే ఏడాది సంది తిప్పుతున్నరు. నీకింత జల్ది ఎట్లిచ్చిన్రు?"

"తెలిసినాయన మాట సాయం చేసిండు."

నర్సింహ స్విచ్చి వేయించాడు. మోటారు గర్జించింది. కానీ రంపం కొయ్యాల్సిన చోట పైకి లేస్తోంది, లేవాల్సిన చోట నొక్కుతోంది.

"ఆపు! ఉల్టా తిరుగుతుంది. రెండు ఫేజులు అటిటు మార్చాలె."

రెండు తీగలు మార్చేసరికి మిషను దారికొచ్చింది. కొత్త బ్లేడు బిగించారు. బ్లేడు వేడెక్కకుండా సబ్బునూనె నీళ్ళ డబ్బా పైన వేలాడదీశారు. పొద్దున్నే లారీలో దిగిన కడ్డీల్లోంచి ఒకటి మోసుకొచ్చి మిషను పట్టులో బిగించారు.

వీరేశం తల్లి పోచమ్మ మిషనుకు పసుపు రాసి, కొబ్బరికాయ కొట్టింది. "నర్సింహా, నీ చెయ్యి మంచిది బిడ్డా. నువ్వే షురూ చెయ్యి."

"వద్దే అవ్వా! నేనే ఏస్త" అన్నాడు వీరేశం గాభరాగా.

"నోర్ముయ్యి! పొద్దుగాల్నుంచి కష్టపడ్డోడు ఆడు. నీ చెయ్యి ముట్టిన చెట్టు ఎన్నడన్న కాసిందా?"

నర్సింహ పగలబడి నవ్వుతూ స్విచ్చి వేశాడు. బ్లేడు ఇనుములోకి దిగింది. కాసేపటికి తెగిన ముక్క ఠంగున నేల మీద పడింది. అతని గుండె నిండిపోయింది. సమ్మె ఎన్నాళ్ళు సాగినా ఈ ఒక్క ఇంట్లో పొయ్యి ఆరదు.

"నా పేరు జెప్పుకొని బతుకుతవు పో!" అని వీరేశం వీపు చరిచాడు. వీరేశం తలెత్తలేదు.

బీడీ కాలుస్తూ లోపలికి వచ్చిన లారీ డ్రైవరు తెగిన ముక్కను కాలితో దొర్లించి చూశాడు.

"ఉస్తాద్, సాయంత్రానికి ఒక లోడయితదా?"

"అయితది! యాడికి తీస్కపోతవన్నా?" అన్నాడు నర్సింహ హుషారుగా.

డ్రైవరు అతన్ని వింతగా చూశాడు.

"మీ ఫ్యాక్టరీ వెనక గేటుకే."