బాలనర్సమ్మ సిస్టర్ పాస్‌వర్డ్

మోత్కూరు నుంచి వచ్చి కిరాయి గదిలో ఉంటున్న బెంజమిన్‌కు బోధనాసుపత్రి కంప్యూటర్ విభాగంలో రాత్రి డ్యూటీ. సర్వర్ల హోరు తప్ప తోడు లేదు. పాత భవనంలోని వార్డు నుంచి బాలనర్సమ్మ సిస్టర్ మాత్రం రోజూ పదకొండింటికి ఫోన్ చేసేది. కంప్యూటర్ మొరాయించిందని చెప్పేముందు, తిన్నావా అని అడిగేది. అలా అడిగే మనిషి అతనికి ఇంకెవరూ లేరు.

ఆమె చనిపోయి ఆరు నెలలైంది. అయినా ఆ వార్డు నర్సులంతా ఆమె పాస్‌వర్డ్‌తోనే పని కానిచ్చేవారు. కొత్తది అడిగే తీరిక ఎవరికీ లేకపోయింది. నిన్న వార్డును కొత్త భవనంలోకి మార్చి, పాతదానికి తాళం వేశారు. ఇక అవసరం లేదని ఈ రాత్రి బెంజమిన్ ఆమె లాగిన్‌ను మూసేశాడు.

పదకొండింటికి ఫోన్ మోగింది. పాత వార్డు నంబరు.

"తిన్నవా బిడ్డా?" అదే గొంతు. వెనక ఏ చప్పుడూ లేదు. "జర చూడు, గీ కంప్యూటర్ నా పాస్‌వర్డ్ తీస్కుంటలేదు."

బెంజమిన్ మూత తీయని టిఫిన్ డబ్బా వైపు చూశాడు.

"ఇంకా తినలే, సిస్టర్," అన్నాడు. అతని కుడిచేయి అప్పటికే ఆమె లాగిన్‌ను మళ్లీ తెరుస్తోంది.