నేల తగలని పిస్తోలు

"గురి బాగుంది, గ్యాస్ లీకవడం లేదు. ఇక పడేసి చూడటమే," అంటూ ఆట వస్తువుల్ని పరీక్షించే ఉద్యోగం చేసే మా ఆయన, గ్యాస్‌తో పేలే ఆ ఆట పిస్తోలుని నడుమెత్తు నుంచి వదిలారు.

దాని మీద చిన్న గీత కూడా పడలేదు.

"మళ్లీ పాసే! నా కొత్త బొమ్మల షాపుకి ఇవే వంద తెప్పించేస్తున్నా," అని చినమామగారు ఫోన్ తీశారు.

"ఆగండి మావయ్యగారూ! పడే ప్రతిసారీ ఈయన కాలు అడ్డం పెడుతున్నారు. అది చెప్పు మీద పడుతోంది, నేల మీద కాదు."

"నేనా? ఛ!"

"మీరే. ఇటివ్వండి."

ఆయన కాలు తొక్కిపట్టి మరీ వదిలాను. గుళ్లూ గ్యాసూ నింపే మ్యాగజైన్ పగిలి, గ్యాసంతా బుస్సుమంది.

"బతికించావమ్మా! నా షాపు మునిగేది," అని చినమామగారు ఫోన్ జేబులో పెట్టేశారు. "ఏరా, నువ్వు చేసే పరీక్ష ఇదా?"

"పడిపోతుంటే చూస్తూ ఊరుకోలేను బాబాయ్. కాలు దానంతటదే వెళ్లిపోతుంది," అన్నారాయన తల గోక్కుంటూ.

వంకలు వెతకడమే ఉద్యోగమైన మనిషితో కాపురం ఎలాగా అని పెళ్లైనప్పటి నుంచీ లోలోపల నాకో బెరుకు. ఆ మాటతో అది ఎటు పోయిందో!

"ఇంకో కంపెనీది ఉంది. నువ్వే పడెయ్యి," అని పిస్తోలు నా చేతికిచ్చి, ఆయన బుద్ధిగా కాళ్లు రెండూ కుర్చీలోకి మడుచుకుని కూర్చున్నారు.